నాగరాణి బండి ఎటు ఒరిగింది

పొద్దున ఏడు కాకముందే ఆ వాడ ఆడవాళ్ళంతా ఒకసారి నాగరాణి వాకిట్లోకి తొంగిచూస్తారు. బండి ఎటువైపు ఒరిగి ఉందో చూసుకుని ఎవరి పనిలోకి వాళ్ళు పోతారు. అది ఒరిగిన వైపు ఇల్లుగలవాళ్ళు మాత్రం పని పక్కన పెట్టి, చీర మార్చుకుని, గడపలో వచ్చి కూర్చుంటారు. వాళ్ళు ఆ రోజు ఎక్కడికో పోవలసి ఉందన్నమాట. ఎక్కడికన్నది ఒక్కోసారి వాళ్ళకే తెలియదు.

అండాలు ఇంటివైపు ఒరిగిన రోజు ఆమె "నాకేం రోగం, రాయి లెక్కున్న" అంటూనే ఎక్కింది. దవాఖానలో బీపీ చూసిన నర్సమ్మ ఆమెను మళ్ళీ కుర్చీలోంచి లేవనివ్వలేదు. అమరేందర్ సారు ఇంటివైపు ఒరిగితే ఆయన గొణుక్కుంటూ ఎక్కి, మర్రిగూడ బస్టాండు దగ్గర దిగాడు. అప్పుడే ఆగిన బస్సులోంచి దిగుతున్నది తొమ్మిదేళ్ళుగా ఆయనతో మాటల్లేని సొంత చెల్లెలు. ఇట్లాంటివి ఆ ఊళ్ళో ఎవరూ వింతగా చెప్పుకోరు. నల్లా ఇవాళ ఎన్ని గంటలకు వచ్చిందన్నది అంతకన్నా పెద్ద ముచ్చట.

బండికి ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. ఆటోలాగా బిర్రబిగుసుకుని పోదు. మలుపు వస్తే మామూలు మోటార్‌సైకిల్‌లాగే పక్కకు ఒరుగుతుంది, ఆపితే మాత్రం పడదు, కాలు కింద పెట్టే పనిలేదు. నాగరాణి మేనమామ ఐలేశం వెల్డింగ్ పనివాడు. రెండు పాత బండ్లు కోసి, ముందు చక్రాల మధ్య ఒక లావు బోల్టు వేసి, ఆ బోల్టు మీదే బండంతా అటూ ఇటూ ఒరిగేటట్టు చేసిచ్చాడు. "గీ నడిమి బోల్టే దీని పానం. దీన్ని బిగియ్యకుండ్రి, గ్రీజు ఎండనియ్యకుండ్రి" అని ఒకటికి పదిసార్లు చెప్పి పోయాడు.

అంత కష్టం ఎందుకంటే, నాగరాణి మోకాళ్ళు వంగవు. నల్లా నీళ్ళు రాకముందు ఆ పక్క ఊళ్ళలో పుట్టి, బోరునీళ్ళు తాగి పెరిగిన పిల్ల. ఫ్లోరైడ్ ఆమె కాళ్ళను విల్లులాగా వంచి అక్కడే బిగించేసింది. చేతులూ అంతంతే. నిలబడగలదు, సీటు మీదికి ఎక్కగలదు, నేల మీద కూర్చోవడం మాత్రం ఆమె వల్ల కాదు. బండేమో కింద కూర్చుని చేయవలసిన చాకిరీ అడుగుతుంది. రోజూ ఎర్రమట్టి తుడవాలి, రెండు రోజులకోసారి చైనుకు నూనె, వారానికోసారి కీలుకీలుకూ గ్రీజు.

కింద కూర్చునేది ఎవరంటే, బిక్షమ్మ.

బిక్షమ్మ ఆ ఇంటి పెద్దకోడలు. కొల్లాపూర్ పక్కన కృష్ణ నీళ్ళు తాగి పెరిగింది. ఆమెను తెచ్చుకున్న కొత్తలో అత్త కృష్ణమ్మ పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా "మా పెద్దకోడలు కాళ్ళు చూసిన్రా, ఎట్లున్నయో" అని నలుగురికీ చూపించేది. తరువాత చిన్నకొడుకు లింగస్వామి ఏరికోరి నాగరాణిని చేసుకొచ్చాడు. బిక్షమ్మకు కష్టం కలగలేదు సరికదా, ప్రాణం లేచొచ్చింది. తోడికోడలి మీద జాలిపడడం ఆమెకు మహా ఇష్టంగా ఉండేది. నీళ్ళ బిందె అందుకుని "నువ్వు కూసో చెల్లె, నీతోని కాదు" అనేటప్పుడు ఆమె గొంతులో బెల్లం ఊరేది.

బండి వచ్చి ఆ బెల్లాన్ని ఊడ్చుకుపోయింది. నాగరాణి పొద్దున్నే ఊరి పాలు క్యాన్లకెత్తుకుని మర్రిగూడ పాలకేంద్రానికి పోతుంది. వెనక సీటు మీద బండి ఎవరివైపు ఒరిగితే వాళ్ళు. పదకొండు గంటలకు తిరిగొచ్చేసరికి వాడంతా ఆమె చుట్టే. బిక్షమ్మ మొగుడు బీరప్ప, మరిది లింగస్వామి గొర్రెల మంద తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోతే వానలు పడేదాకా రారు, ఇంట్లో ఉన్నది ముగ్గురు ఆడవాళ్ళు, ఆ ముగ్గురిలో ఊరు పేరుపెట్టి పిలిచేది నాగరాణిని. బిక్షమ్మ కాళ్ళ సంగతి కృష్ణమ్మ కూడా మరిచిపోయింది.

బిక్షమ్మ కళ్ళలో నిప్పులు పోసుకుంది. ఆ మాట దాచి చెప్పడం అనవసరం. నాగరాణి నవ్వితే మండేది, నవ్వకపోతే గర్వం అనుకుని ఇంకా మండేది. అన్నిటికన్నా పెద్ద మంట ఒకటుంది. మూడేళ్ళలో ఆ బండి వాడలో ఒరగని ఇల్లు లేదు, ఒక్క బిక్షమ్మ వైపు తప్ప. ఒకసారి తన మంచం తీసుకెళ్ళి కుడిపక్క వేసుకుంది. తెల్లారి బండి ఎడమకు ఒరిగింది. మంచం ఎడమకు మార్చింది. బండి వీధివైపు తిరిగి గోవిందమ్మ ఇంటికేసి ఒరిగింది.

"నీకేం తక్కువే బిక్షమ్మా, కాళ్ళు మంచిగున్నయ్. నడుస్తవ్" అంది గోవిందమ్మ ఎక్కి కూర్చుంటూ. మంచిమాటే అన్నాననుకుంది.

నడిచేవాళ్ళకు పోవలసిన చోటు ఉండదా? బిక్షమ్మ ఆ మాటను రోజంతా నమిలింది. అయినా మరునాడు పానా, పాతగుడ్డ పట్టుకుని మళ్ళీ బండి కింద కూర్చుంది. కొంగు నెత్తిమీదికి లాక్కుని, తల వంచి, ఒక్కో కీలూ తుడిచి గ్రీజు పెట్టింది. అరగంట పని. పని చేస్తున్నంతసేపూ మెడ మీద ఎండ పడేది కాదు, అదొక్కటే అందులో సుఖం. దారిన పోయే ఆడవాళ్ళు ఆమెను చూసి నవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఆ నవ్వులను కూడా ఆమె లెక్కపెట్టుకుంది.

చైత్రంలో ఒకరోజు బండి సరిగ్గా వాళ్ళ ఇంటి తలుపువైపే ఒరిగింది. బండి నాగరాణిదే గనక ఆమె కోసం ఒరగవలసిన పనిలేదు. బిక్షమ్మ చన్నీళ్ళు పోసుకుని, పెట్టెలోంచి నెమలికంఠం రంగు చీర తీసి కట్టుకుని, తలకు నూనె పెట్టుకుని బయటికొచ్చేసరికి గోవిందమ్మ, అండాలు గోడ దగ్గరే నిలబడి ఉన్నారు. బిక్షమ్మ చెంగు సర్దుకుని సీటు మీద చెయ్యి వేసింది.

వెనకనుంచి కృష్ణమ్మ చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. "జరగే పిల్లా. కంటిపొర తీస్తరంట, క్యాంపు పెట్టిన్రు. నా కోసమే ఒరిగింది గది."

అండాలుకు నవ్వు ఆగలేదు. "అయ్యో, గంత మంచిచీర కట్టుకుంటివి గదనే!"

బిక్షమ్మ కూడా నవ్వింది. నవ్వి, లోపలికి పోయి, ఆ చీర విప్పి మడతపెట్టకుండానే పెట్టెలో కుక్కింది. ఒళ్ళంతా అవమానంతో కాగిపోయింది.

ఆ మధ్యాహ్నం అత్తకు కంటికి కట్టు కట్టించి తెచ్చిన నాగరాణి లోపల నిద్రపోయింది. బిక్షమ్మ పానా తీసుకుని బండి ముందు కూర్చుంది. నడిమి బోల్టుకు పానా తగిలించి, పట్టు చాలక పానాకు ఇనుపగొట్టం తొడిగి, రెండు చేతులా లాగింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. ఇంకో అర. ఎవరివైపూ ఒరగకపోతే పీడ పోతుందనుకుంది. అంతకుమించి ఆలోచించలేదు.

తెల్లారి బండి నిలువుగా నిలబడి ఉంది. వాడంతా వచ్చి చూసి, "ఇయ్యాల ఎవలకు పనిలేనట్టుంది" అనుకుని వెళ్ళిపోయింది. బిక్షమ్మ రోజూలాగే తుడవడానికి కూర్చుంది. పొద్దుటి ఎండే అయినా మెడ చుర్రుమంది. కొంగు ఎంత లాక్కున్నా ఆగలేదు.

నాగరాణి క్యాన్లు కట్టుకుంది. "పోయొస్త అక్కా."

బిక్షమ్మ నోరు తెరిచింది. బోల్టు మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాగరాణి అద్దంలో చూసుకుని బొట్టు సరిచేసుకుంటూ ఉంది. ఆ ఒక్క సంగతికి బిక్షమ్మ నోరు మూసుకుంది.

ఊరి బయట కాలువ మీది మోరీ దగ్గర మలుపుంది. ఒరగవలసిన బండి అక్కడ ఒరగలేదు. నిటారుగా పోయి మోరీ గోడకు తగిలి బోర్లాపడింది. పాలన్నీ గడ్డిలోకి పోయాయి. నాగరాణి ఎడమచేతి ఎముక విరిగింది. ఆ నీళ్ళు తాగిన ఎముక అతుక్కోవడం కష్టమని, రెండు నెలలు ఆ చెయ్యి కదపకూడదని డాక్టరు పట్టీ వేసి పంపాడు.

బండిని ట్రాక్టరు మీద వేసుకొచ్చి వాకిట్లో దించారు. హ్యాండిల్ గీసుకుపోవడం తప్ప పెద్ద దెబ్బలేమీ లేవు. అయినా నిలువుగానే నిలబడింది. పాలు ఎవరి క్యాన్లు వాళ్ళు మోసుకుపోయారు. అండాలు బీపీ గోలీలకు ఎండలో ఆరు కిలోమీటర్లు నడిచి, దారిలో రెండుచోట్ల కూర్చుందట. అయినా పొద్దున ఏడు కాకముందే అందరూ వాకిట్లోకి తొంగిచూస్తూనే ఉన్నారు. బిక్షమ్మకు అన్నం సయించలేదు. తోడికోడలికి తల దువ్వింది, స్నానం చేయించింది, ముద్దలు కలిపి తినిపించింది. ఇప్పుడు జాలిపడడానికి కావలసినంత ఉంది, ఒక్క ముద్దలోనూ బెల్లం లేదు.

ఇరవయ్యో రోజున నాగరాణి వాకిట్లోకి వచ్చి బండి పక్కన నిలబడింది.

"అక్కా, గా నడిమి బోల్టు జర ఇప్పు."

బిక్షమ్మ పానా తెచ్చింది. ఇనుపగొట్టం కూడా తేవలసి వచ్చింది. బిక్షమ్మ కూర్చుని, తలవంచి, రెండు చేతులా లాగింది. బోల్టు కిర్రుమని కదిలింది.

"నా చేతులకు అంత బిగువు రాదక్కా" అంది నాగరాణి మెల్లగా. "ఐలేశం మామ చేతులకు గూడ రాదు."

బిక్షమ్మ తల ఎత్తలేదు. కన్నీళ్ళు గ్రీజు మీద పడి జారిపోతున్నాయి. ఇంకో చుట్టు విప్పింది, ఇంకో అర. ఎన్ని చుట్లు బిగించిందో అన్నీ విప్పింది. చిత్రంగా మెడ మీద మంట చల్లారింది.

"నన్ను గింతన్న కానకపాయె చెల్లె" అంది చివరికి. ఏడుపులో మాట తడబడింది. "ఊరందరి దిక్కు ఒరిగె. నేను మూడేండ్లు దీని కాళ్ళకాడ కూసుంటి. ఒక్కపారన్న నా దిక్కు ఒరిగెనా?"

నాగరాణి ఆమెను వింతగా చూసింది. గోడ అవతల బియ్యం చెరుగుతున్న గోవిందమ్మ కూడా చేట ఆపి చూసింది.

"ఏందక్కా గట్లంటవ్? నీకు ఎరుకలేదా?"

"ఏంది?"

"జర తలెత్తి చూడు."

బిక్షమ్మ కొంగు వెనక్కి నెట్టి తలెత్తింది. బండి ఆమె మీదికి ఒరిగి ఉంది. సీటు, ట్యాంకు, హ్యాండిల్ అన్నీ ఒక పక్కకు వాలి, ఎండకు అడ్డంగా ఆమె తలమీద నీడ పట్టి ఉన్నాయి. అంతకన్నా ఒరిగితే పడిపోతుందేమో అనేటంతగా ఒరిగింది.

"నువ్వు కింద కూసున్నప్పుడల్లా గిట్లనే ఉంటది" అంది నాగరాణి. "మొదటి రోజుకెల్లి."

"వాడంత చూస్తాంది గదనే రోజు!" అంది గోవిందమ్మ గోడ మీదుగా. "దానికి నువ్వంటే గింత పానమాయె అని నవ్వుకుంటం. నీకు తెల్వదని మాకేం తెలుసు?"

బిక్షమ్మ గ్రీజు చేతిని కొంగుకు తుడుచుకుని, మీదికి వాలిన ట్యాంకును తడిమింది.

తెల్లారి ఏడు కాకముందే గోవిందమ్మ గొంతు వినిపించింది. "బిక్షమ్మా! లెవ్వే, నీకే!" బండి బిక్షమ్మ మంచంవైపు ఒరిగి ఉంది. మంచం ఆ రోజు ఎటుపక్క ఉందో ఆమెకే గుర్తులేదు.

"తోలేటోళ్ళెవలు? నీ చెయ్యేమో గట్లుండె" అంది బిక్షమ్మ.

"నువ్వే. నేను ఎనక కూసుంట."

"నాకు రాదు చెల్లె."

"ఎట్ల రాదు? దాని బొక్కబొక్క నీకే ఎరుక. నాకు దాని మీద కూసునుడే వచ్చు."

వాడ పాలన్నీ వచ్చాయి. బిక్షమ్మ మామూలు చీరతోనే ఎక్కింది. కొత్తచెయ్యి అని తెలిసినట్టు బండి ఓపిగ్గా మెల్లగా కదిలింది. ఊరు దాటి, కంపచెట్లు దాటి, మోరీ మలుపు కనిపించగానే ఆమె భుజాలు రాయిలాగా బిగుసుకున్నాయి. గోడ మీద హ్యాండిల్ గీసిన గీత ఇంకా తెల్లగా ఉంది.

"పట్టి ఆపకు అక్కా. ఒరగనియ్యి" అంది వెనకనుంచి నాగరాణి, బాగున్న చెయ్యి ఆమె నడుము చుట్టూ వేసి.

బిక్షమ్మ ఊపిరి వదిలింది. బండి ఒరిగింది. క్యాన్లు ఒరిగాయి, వాళ్ళిద్దరూ ఒరిగారు, మోరీ పక్కనుంచి దారి మెత్తగా తిరిగింది. మలుపు దాటాక బిక్షమ్మకు ఇక ఆగలేదు.

"చెల్లె, ఆనాడు గా బోల్టు..."

"పాలొలుకుతయ్ అక్కా. ముందర చూడు."

బిక్షమ్మ ముందుకు చూసింది.