బాలలక్ష్మి సవతి

పొద్దుగాల ఆరున్నరకు నర్సింగం గేటు తీసిన సప్పుడు వినంగనే వాడకట్టంత కదుల్తది. బస్సు దొరుకుతదో లేదోనని పరేషాన్ల ఉన్నోళ్లంత టిఫిన్ డబ్బాలు పట్టుకొని ఉరికొచ్చి ఆయన పక్కన నిలబడ్తరు. పాపన్నపేట స్కూల్ల చదువు చెప్పే లిల్లీ టీచరైతే ముందే వచ్చి అరుగు మీద కూసుంటది. నర్సింగం నెత్తికి తువ్వాల చుట్టుకొని, బీడీ అంటించి, మెల్లగ రోడ్డు మీద కాలు పెడ్తడు. రోడ్డు ముడుసుకుంటది. చీర కుచ్చిళ్లు పెట్టినట్టు డాంబరు మడత మీద మడత పడి, కిలోమీటరు అవతలున్న చౌరస్తా నలభై అడుగులకు వచ్చి ఆగుతది. ఆడనే లలితమ్మ చాయ్ హోటల్, దాని పక్కకు బస్సులాగే జాగ. "పోయొస్తం తాతా" అనుకుంట అందరు బస్సులెక్కి పోతరు. నర్సింగం చాయ్ గిలాస అందుకొని మొదటి గుక్కెడు రోడ్డు మీద పోసి, మిగిలింది తాగుతడు.

గట్ల చాయ్ పోసుడు రోడ్డు పని చేసే గ్యాంగోళ్ల అలవాటు. ముప్పై ఆరేండ్లు నర్సింగం గ్యాంగు కూలీ. ఈ రోడ్డుకు కంకర పరిచింది ఆయననే, డాంబర్ కాచి పోసింది ఆయననే, ప్రతి వానకాలం గుంతలు పూడ్చింది ఆయననే. పని షురూ చేసే ముందు గుక్కెడు చాయ్ దానికి పోసేదాక తాను నోట్ల పెట్టుకునేటోడు కాదు. రోడ్డు గదంత యాది పెట్టుకున్నది. రెండేండ్ల కింద ఆయన ఎడమ పిక్క నడుస్తుంటే పట్టుకొనుడు మొదలైంది. జర నిలబడితే తగ్గేది, మళ్ల నడిస్తే మళ్ల పట్టేది. అది చూసి రోడ్డు రెండు కరెంటు స్తంభాల నడుమ ఉన్నంత దూరం తగ్గింది. ఆయనకు ఇంకా జల్ది నొప్పి లేసుడైంది, అది ఇంకా ముడుసుకున్నది.

బాలలక్ష్మికి మాత్రం ఎన్నడు ఒక్క గజం గూడ తగ్గలే. పెద్దబిడ్డ కడుపుల ఉన్నప్పుడు, ఎర్రటెండల, నెత్తి మీద సద్ది గంప పెట్టుకొని మొగనికి బువ్వ మోసింది ఇదే రోడ్డు మీద. కిలోమీటరంటే కిలోమీటరు నడిపిచ్చింది ఆమెను రోడ్డు. అందుకే ఆమె దానికి సవతి అని పేరు పెట్టింది. "పో, నీ చిన్నపెండ్లాం ఎదురు చూస్తున్నది" అంటది రోజూ పొద్దుగాల. నర్సింగం నవ్వుకుంట గేటు తీస్తడు.

సవతికి ఓడిపోయే మనిషి కాదు బాలలక్ష్మి. బయట అది ఎంత చూసుకుంటదో, ఇంట్ల ఈమె అంతకు రెండింతలు చూసుకునేది. కూసున్న కాడికి నీళ్లు, కూసున్న కాడికి బువ్వ, చేతులు కడుగుకునేటందుకు తట్ట గూడ కూసున్న కాడికే. మొగని మీదికి ఎండ పొడ వస్తే ఆయన్ని లేవనియ్యకుండ కుర్చీతోని పాటే నీడకు జరిపేది. ఇరుగుపొరుగోళ్లు చూసి, చేసుకుంటే గసొంటి పెండ్లాన్ని చేసుకోవాలె అనుకునేటోళ్లు. అది వింటే బాలలక్ష్మికి మస్తు కుషీ.

ఏడుపాయల జాతర అయిపోయిన వారానికి ఒక పొద్దున లిల్లీ టీచరు బస్సు ఇడిసిపెట్టి ఎనుకకు ఉరికొచ్చింది.

"పెద్దమ్మా, ఇయ్యాల రోడ్డు ఇరవై అడుగులకే వచ్చింది. అయినా పెద్దయ్య నడుమల్నే కూలవడ్డడు. కాలు ముట్టి చూసిన, కుండ లెక్క సల్లగున్నది."

బాలలక్ష్మి పొయ్యి బంద్ చేసి, చెప్పులు గూడ ఏసుకోకుండ బయిటికొచ్చింది. ఆటో మాట్లాడి ఆయన్ని కూసోబెట్టుకొని, శనివారం శనివారం హైదరాబాదు నుంచి వచ్చి చూసే డాక్టర్ దేవిక కాడికి తోల్కపోయింది.

దేవిక చిన్న పిల్లనే గాని నిదానం గల మనిషి. చేతికి చూసినట్టే చీలమండకు పట్టీ చుట్టి బీపీ చూసింది. ఎడమ కాలుకు రెండుసార్లు చూసింది.

"పెద్దయ్యా, ఈ కాలికి రక్తం సగమే దిగుతున్నది. బీడీలతోని రక్తపు నరం లోపల కొవ్వు పేరుకపోయి సన్నబడ్డది" అన్నది.

"ఇప్పుడేం చెయ్యాలె మేడం?" అని బాలలక్ష్మి అడిగింది.

"ముందు గోలీలు. రక్తం గడ్డ కట్టకుండ ఒకటి, కొవ్వుకు ఒకటి. బీడీ ఇయ్యాలనే బంద్. దానికి తోడు నడక. వాటితోని కాకపోతే హైదరాబాదుల సన్న తీగె లోపలికి పంపి, మూసుకున్న కాడ బెలూన్ అసొంటి బుగ్గ ఊది తెరుస్తం, అవసరమైతే స్ప్రింగు పెడ్తం. అదీ పనిచెయ్యకపోతే ఇంకో కాలి నరం తీసి పక్క పొంటి కొత్త తొవ్వ కుడ్తం."

"అదీ కాకపోతే?"

డాక్టరమ్మ కాయిదం దిక్కు చూసింది. జవాబు బాలలక్ష్మికి ఎరికనే. నర్సింగంతోని ముప్పై ఆరేండ్లు కంకర మోసి, ఒకే అగ్గిపుల్లకు బీడీ అంటించుకున్న కృపాదానంకు మూడేండ్ల కింద ఎడమ కాలు మోకాలు కిందికి తీసేసిండ్రు.

"ఇంకా పుండు పడలే, అది మన అదృష్టం" అన్నది దేవిక. "పుండు పడితే ఆగేటందుకు టైం ఉండదు. అందుకే నడవాలె పెద్దయ్యా. నొప్పి గట్టిగ లేసేదాక నడువు, ఆగు, తగ్గినంక మళ్ల నడువు. రోజూ అరగంట, మూడు నెలలు. పెద్ద రోడ్డు బంద్ పెడితే జనం గల్లీలల్లకెల్లి పోతరు కదా. కాలు అడిగితే రక్తం గూడ గట్లనే పక్క నరాలల్లకెల్లి పోవుడు నేర్చుకుంటది. అడగకపోతే నేర్చుకోదు."

"నడుస్తనే ఉన్న కదా మేడం" అన్నడు నర్సింగం. "రోజూ చౌరస్తా దాక."

"మంచిది. ఎంత దూరం?"

"నలభై అడుగులు. మొన్నటి సంది ఇరవై."

డాక్టరమ్మకు సమజ్ కాలే. బాలలక్ష్మి రోడ్డు సంగతంత చెప్పింది, సవతి అనే మాట ఒక్కటి ఇడిసిపెట్టి. దేవిక అంత విని, "ముడుసుకోవద్దని చెప్పుండ్రి దానికి" అని, మందుల చీటిల గోలీల కింద అది గూడ రాసింది.

చెప్పుడైతే చెప్పిండు నర్సింగం. మరునాడు పొద్దున వంగి, చేతితోని డాంబరు నిమిరి, "తల్లీ, జర సాపుగుండు" అని బతిమాలిండు. ఆయన గొంతు ఇని రోడ్డుకు ఇంకా పానం కొట్టుకున్నది, పది అడుగులకు ముడుసుకున్నది. ఇంకో రోడ్డు మీద నడుద్దామంటే మెదక్‌ల ఆయన కంకర ఏయని రోడ్డేది? చర్చి రోడ్డుకు పోయిండు, ఖిల్లా దిక్కు పోయిండు. ఏ రోడ్డు మీద కాలు పెట్టినా అంతే ప్రేమ.

ఆఖరికి ఇద్దరు కృపాదానం ఇంటికి పోయిండ్రు. ఆయన చర్చి ఎనుక గల్లీల మంచం మీద కూసొని చినిగిన పాటల పుస్తకాలకు అట్టలేస్తుండు. కథంత విని, చేతిల ఉన్న మైద గోందు పక్కకు పెట్టిండు.

"ఒక మాట చెప్త చెల్లె. ఇన్నొద్దులు ఎవ్వలకు చెప్పలే. మా గల్లీ గూడ నాకు గట్లనే ముడుసుకున్నది. గడప దాటితే చర్చి గేటు. ప్రభువు నా మీద దయ తలిచిండనుకున్న. ఒక్కన్నే పోతుంటి, ఎవ్వలు చూడలే. నా ఇంటామె గూడ మంచం కాడికే అన్ని తెచ్చిచ్చేది. ఆరు నెలలు రాజు లెక్క బతికిన. ఏడో నెల కాలి ఏలు నల్లవడ్డది."

ఆయన మోకాలు కింద మడిచి కుట్టిన ప్యాంటును సదురుకున్నడు. తర్వాత చెయ్యి చాపి నర్సింగం జేబులకెల్లి బీడీ కట్ట తీసి పాటల పుస్తకాల అడుగున పెట్టిండు.

"ఇది నా కాడ ఉంటదిరా. కావాలంటే ఈడిదాక నడిసొచ్చి అడుగు" అన్నడు. నర్సింగం తల వంచుకున్నడు.

ఆటోల ఇంటికి వస్తుంటే, మంచం కాడికే తెచ్చిచ్చేది అన్న మాట బాలలక్ష్మికి ముల్లు లెక్క దిగింది. తన చేతులు తాను చూసుకున్నది. గిన్నేండ్ల సంది సవతి మీద గెలుస్తున్న అనుకున్నది కదా, ఏం గెలిచినట్టు?

మరునాడు పొద్దున నర్సింగం కుర్చీల కూసొని, "బాలలక్ష్మీ, నీళ్లియ్యే" అన్నడు.

"కుండ ఆడ్నే ఉన్నది" అన్నది.

ఆయన కుర్చీ చేతులు పట్టుకొని లేసి, గోడ పట్టుకుంట కుండ దాక పోయి, ముంచుకొని తాగిండు. వంటింట్ల బాలలక్ష్మి కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. అడిగితే ఇయ్యకుండ ఉండుడు ఇంత కష్టమని ఆమెకు అప్పటిదాక తెల్వదు.

మధ్యాహ్నం, ఎండకు రోడ్డు మీద పురుగు గూడ లేనప్పుడు, రెండు గిలాసల చాయ్ పట్టుకొని పోయి రోడ్డు పక్క మోరీ గోడ మీద కూసున్నది. డాంబరు మెత్తబడి మెరుస్తున్నది. ఒక గిలాస చాయ్ అంత దాని మీద పోసింది. నలభై ఏండ్లల్ల ఆమె దానికి చాయ్ పోసుడు అదే మొదలు.

"ఇగో, నేను కొట్లాటకు రాలే" అన్నది. "నీకు ఆయనంటే పానం. నాకు గూడ పానమే. మనిద్దరం పోటీల పడి ఆయన కాలు తీస్తున్నం. నేను నీళ్లిచ్చుడు బంద్ చేసిన. ఎంత కష్టమైందో నాకే ఎరిక. ఇగ నువ్వు గూడ మానాలె."

అవతలి దిక్కు ఒక ట్రాక్టరు పోయింది.

"నన్నైతే ఎట్ల నడిపిచ్చినవ్? కడుపుతోని ఉన్న అని చూడలే, నెత్తి మీద గంప ఉన్నదని చూడలే. నా మీద కోపమే అనుకున్న ఇన్నేండ్లు." చీర జర పైకి లేపి పిక్కలు చూపిచ్చింది. "చూడు, అరవై ఏండ్లొచ్చినా రోకళ్ల లెక్క ఉన్నయి. కోపంతోని చేసినవో దేంతోని చేసినవో, నాకు మంచే చేసినవ్. ఆయన్ని గూడ నన్ను చూసినట్టే చూడు. నీ కాళ్లు మొక్తా అందామంటే నీకు కాళ్లు లేవు."

చాయ్ మెల్లమెల్లగ డాంబర్లకు ఇంకిపోయింది. రెండో గిలాస తాను తాగి ఇంటికొచ్చింది.

మరునాడు గేటు కాడ జనం ఎప్పటి లెక్కనే నిలబడ్డరు. నర్సింగం కాలు పెట్టిండు. రోడ్డు కదలలే. చౌరస్తా ఎక్కడిదక్కడ దూరంగ, సన్నగ కనవడ్డది.

"అలిగిందా ఏంది నా మీద" అన్నడు నర్సింగం. ఆయన మొఖం చిన్నబోయింది.

లిల్లీ టీచరు గడియారం చూసుకొని, పరుగందుకున్నది. మరునాటి సంది ఆమె ఇంట్లకెల్లి అరగంట ముందు బయలెల్లుడు అలవాటు చేసుకున్నది.

నర్సింగం నడిసిండు. అరవై అడుగులకు పిక్క పట్టింది. ఎక్కడ కూసోవాలె అని చూస్తే పక్కకే ఒక మైలురాయి. నిన్నటిదాక ఆడ రాయి లేదు. రేగోడ్ పోయే తొవ్వల ఒకప్పుడు ఆయన చేతితోని పాతి, సున్నం ఏసిన రాయే అది, ఊరి పేరు గూడ ఆయన రాసిన వంకర అక్షరాలే. దాని మీద కూసున్నడు. నొప్పి తగ్గినంక లేసిండు. ఇంకో అరవై అడుగులకు ఇంకో రాయి. అరుగు మీద నిలబడి చూస్తున్న బాలలక్ష్మికి ఉరికిపోయి చెయ్యి పట్టుకోవాలనిపిచ్చింది. గేటు గొళ్లెం గట్టిగ పట్టుకొని ఆగింది.

పదిహేను రోజులకు రాళ్ల నడుమ దూరం వంద అడుగులైంది. నెలకు నూటయాభై. కొన్నిరోజులు తిట్టుకుంట నడిసిండు, కొన్నిరోజులు బీడీ యాదికొచ్చి కృపాదానం ఇంటి దాక నడిసిపోయిండు, ఆయన ఇయ్యకపోతే పాటల పుస్తకాలకు మైద రాసి ఎనుకకొచ్చిండు. మూడు నెలలకు డాక్టర్ దేవిక మళ్ల చీలమండకు పట్టీ చుట్టింది.

"మూసుకున్న నరం గట్లనే ఉన్నది" అన్నది. "కాని కాలు ఎచ్చగైంది, పక్క తొవ్వలు తెరుచుకుంటున్నయి. ఇప్పటికైతే హైదరాబాదు అవసరం లేదు. నడక మాత్రం ఇడువొద్దు."

తొలకరి పడ్డ వారానికి, సంతనాడు, బాలలక్ష్మి సంచి నిండ కూరగాయలు కొనుక్కొని చౌరస్తా కాడికి వచ్చేసరికి ముసురు పట్టింది. సంచి బరువుకు చేతి ఏళ్లు తెల్లవడ్డయి. రోడ్డు ఆ చివర ఒక మనిషి గొడుగు పట్టుకొని వస్తుండు. నెత్తికి తువ్వాల, ఎడమ కాలు జర ఈడ్చినట్టు నడక. నర్సింగమే.

ఆమె కాళ్ల కింద రోడ్డు కదిలింది. నలభై ఏండ్లల్ల మొదటిసారి, ఆమె కోసం, ఒక చిన్న మడత పడ్డది. దూరంగున్న ఆయన ఒక్కసారిగ జర దగ్గరికొచ్చిండు.

"ఆగు, చెల్లె" అన్నది బాలలక్ష్మి. సవతి అనే మాట నోటికి రాలే. "నాకొద్దు. ఆయన్నే రానియ్యి."

మడత ఇప్పుకున్నది. ఆయన మళ్ల దూరమైండు. బాలలక్ష్మి వానల సంచి పట్టుకొని నిలబడ్డది. ఆయన మొదటి రాయి దాటిండు, కూసోలే. రెండో రాయి కాడ చెయ్యి ఆనించి, పిక్క ఒకసారి ఒత్తుకొని, దాన్నీ దాటిండు. మూడో రాయి దిక్కు చూడనే లేదు. ఆమె కండ్లల్ల నీళ్లొచ్చినయి, వానల ఎవ్వలకు కనవడలే.

దగ్గరికొచ్చి, గొడుగు ఆమె నెత్తి మీదికి జరిపి, ఆయన సంచి అందుకున్నడు.

"ఏమున్నయే ఇందుల, ఇంత బరువున్నది?"

"టమాటలు" అన్నది. "అగ్గువకు ఇచ్చిండ్రు."

ఇద్దరు ఒక్క గొడుగు కింద ఇంటి దిక్కు నడిసిండ్రు. రోడ్డు కిలోమీటరుకు కిలోమీటరు సాపుగ పండుకొని ఉన్నది.