యాభై ఏడో అక్షరం

ఒక్కో పలకనూ తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచి, మాస్టారు పిల్లల బల్లల మీద పెడుతున్నారు. అందరూ వాటిని టాబ్లెట్లంటారు. బడిలో టాబ్లెట్లిస్తారట అని తెలియగానే మొదట్లో ఒక తల్లి పరుగున వచ్చి, "మా పిల్లకి జ్వరమేమీ లేదండీ" అని మొత్తుకుంది. ఆ రోజు నుంచీ మాస్టారు వాటిని పలకలనే అనేవారు. ఇప్పుడు ఏమీ అనరు. మెడకు చుట్టుకున్న మెత్తటి గుడ్డ కింద చిన్న రంధ్రం ఉంది. ఊపిరి అక్కణ్ణుంచే వస్తుంది, అక్కణ్ణుంచే పోతుంది. జబ్బుతోపాటు మాటనూ కోసి తీసేశారు డాక్టర్లు.

అంతకుముందు ఆ పలకల్లోని పాఠాలకు గొంతిచ్చింది ఆయనే. ఏరి కోరి పిలిచేటంత పేరున్న మనిషేమీ కాదు. రికార్డు చేసేవాళ్లు వచ్చిన సాయంత్రం బడిలో ఇంకా మిగిలున్నది ఆయనొక్కరే, అంతే. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ అక్షరాలన్నీ చదివారు. 'ట ఠ డ ఢ' దగ్గర గొంతులో ఏదో అడ్డుపడింది. ఒక్క దగ్గు దగ్గి, 'ణ' అన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. అది రాబోయే జబ్బుకు తొలి దగ్గని ఆయనకూ తెలియదు.

పిల్లలు మాత్రం పట్టించుకున్నారు. 'ట ఠ డ ఢ' అని, తరగతి తరగతంతా ఒక్కసారిగా ఖళ్లుమని దగ్గి, ఆ తర్వాతే 'ణ' అంటుంది. యాభై ఆరు అక్షరాలకు మాస్టారు ఇంకొకటి చేర్చారని తోటి టీచర్లు ఏడిపించేవారు. ఆయన భుజాలు కదిలేలా నవ్వి ఊరుకునేవారు. నిజానికి ఆయనకది ముద్దుగానే ఉండేది. జీవితమంతా అరిచి అరిచి పాఠాలు చెప్పిన బడిలో ఆయన గొంతు మిగిలింది ఆ పలకల్లోనే.

చిక్కల్లా పరీక్షతో వచ్చింది. ఇప్పుడు పలకే పరీక్ష పెడుతోంది. పిల్లలు చదివితే విని, ఒప్పయితే పచ్చ, తప్పయితే ఎరుపు చూపిస్తుంది. దగ్గితే ఎరుపే. మొన్న రెండు జడల పిల్ల ఎన్నిసార్లు చదివినా ఎరుపే వచ్చి, బల్ల కింద దూరి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరెంత చెప్పినా, "మాస్టారు చెప్పినట్టే చెప్పాను కదా" అంటుంది తప్ప దగ్గు మానదు.

ఆ పూట పలకల్లో పాఠాలు పెట్టే యాప్ కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చెప్పులు గుమ్మం బయటే విప్పి, కాస్త ఇబ్బందిగా నిలబడింది.

"కొత్త గొంతు తెచ్చాం మాస్టారూ. ఇది ఎక్కిస్తే పాతది పోతుంది, మళ్లీ రాదు. మీ గొంతు కాబట్టి అడుగుతున్నా. మీరు వద్దంటే పైవాళ్లకి ఏదో ఒకటి చెప్పుకుంటాను."

ఆయనకు వద్దనాలనే ఉంది. తల అడ్డంగా ఊపితే చాలు. ఆ మాటకొస్తే, అంత చిన్న పనికి ఎవరూ ఏమీ అనుకోరు కూడా. మెడ మీది గుడ్డ సర్దుకుంటూ రెండు జడల పిల్ల వైపు చూశారు. ఆ పిల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి నోటికి పిడికిలి అడ్డం పెట్టుకుని మరీ దగ్గింది. ఎరుపు వెలిగింది. పిల్ల పలకను చూడలేదు. తలెత్తి ఆయన్ను చూసింది.

అమ్మాయి చేతిలోంచి పలక అందుకుని, 'సరే' అని ఉన్నచోట తనే వేలితో నొక్కారు. ఆ తర్వాత ఇంకోటి. అన్నిటి మీదా తనే నొక్కారు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మధ్యాహ్నం కొత్త గొంతు మొదలైంది. తేనె పూసినట్టున్న ఆడగొంతు. పిల్లలు విన్నది విన్నట్టే అప్పజెప్పారు. పచ్చలు వరసగా వెలిగాయి. రెండు జడల పిల్లకూ పచ్చ వచ్చింది. అయినా ఇయర్‌ఫోన్లు తీసేసి, పలకను అటూ ఇటూ తిప్పి, వెనక్కి కూడా తిప్పి చూసింది.

"మాస్టారూ, ఇందులో మీరు లేరు."

ఎదురుగా నిలబడ్డ మాస్టారు ఆ పిల్ల తల నిమిరి, ఇయర్‌ఫోన్లు మళ్లీ చెవుల్లో పెట్టారు.

బడి వదిలాక పలకలన్నీ ఛార్జింగుకు పెట్టి కుర్చీలో కూలబడ్డారు. జబ్బు తిరగబెట్టిందనీ, ఇంటిపట్టున ఉండమనీ డాక్టర్లు చెప్పి చాలా రోజులైంది. ఇంటిపట్టున ఉంటే ధైర్యం తెచ్చిపెట్టుకున్న భార్య ముఖం రోజంతా చూడాలి. అందుకే బడికొస్తున్నారు.

ఫోన్ మోగింది. స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టారు. భార్యే. ఆమె మాట్లాడుతుంది, ఆయన వేలితో బల్ల మీద కొడతారు. ఒకసారి కొడితే అవును, రెండుసార్లయితే కాదు. మునుపటికన్నా పోట్లాటలు తగ్గాయని ఆమే అంటుంటుంది.

"బయల్దేరారా?"

రెండుసార్లు కొట్టారు.

"ఊపిరి బాగానే ఆడుతోందా?"

ఒకసారి.

"ఒక మాట అడుగుతాను, నవ్వకండి. మీ గొంతు ఆ పలకల్లో ఉందంటారు కదా. అక్షరాలేగా, నాకెందుకులే అనుకుని ఒక్కసారీ వినలేదు. ఈ మధ్య గుర్తు తెచ్చుకుందామన్నా రావట్లేదండీ మీ గొంతు. రేపొక పలక ఇంటికి తెస్తారా?"

ఆయన వేలు గాలిలోనే ఆగిపోయింది. పొద్దున్నించీ పిల్లల గురించే ఆలోచించారు. ఇంట్లో ఉన్న మనిషి ఆయనకు తట్టనే లేదు. నిజం చెప్పాలంటే రెండుసార్లు కొట్టాలి.

ఒక్కసారే కొట్టారు.

"దగ్గు కూడా ఉందటగా" అని నవ్విందామె. "అదీ వింటాను." ఇక ఆ హుషారులో ఆమెను పట్టుకునేవాళ్లు లేరు. పక్కింటివాళ్ల కుళాయి దగ్గర మొదలుపెట్టి, చెల్లెలి కోడలి ఉద్యోగం దాకా వచ్చింది. మాస్టారు బల్ల మీద తల వాల్చి వింటున్నారు. మెడ మీది గుడ్డ కొంతసేపు లేస్తూ పడుతూ ఉంది. తర్వాత లేవలేదు.

తాళం వేయడానికొచ్చిన ఆయా, ఆలుమగల మాటలకు అడ్డెందుకని గుమ్మం దగ్గరే ఆగింది. లోపల ఆడగొంతు ఒక్కటే ఆగకుండా వినిపిస్తోంది. కాసేపటికి అదీ ఆగింది.

"ఏమండీ, వింటున్నారా? వింటే ఒకసారి కొట్టండి."

ఆయా లోపలికి అడుగుపెట్టింది. మాస్టారి చేతి పక్కన, బల్ల మీద ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది.