దాసు మీద వేసిన అపశ్రుతి

తెనాలిలో జాజ్ ఏంటని నవ్వేవాళ్ళు నవ్వారు. ఫ్లోరెన్స్ పట్టించుకుంటే కదా! లూథరన్ చర్చిలో కీర్తనలకు వాయించడం నేర్చి, మద్రాసు హోటళ్ళలో ఇరవయ్యేళ్ళు పియానో వాయించి, నలభై ఎనిమిదో ఏట సొంతూరొచ్చి బృందం కట్టిన మొండిఘటం ఆవిడ. డ్రమ్స్‌కి బాపట్ల ఏసుబాబు, బేస్ గిటారుకి రేపల్లె యేసుదాసు. పెళ్ళి విందుల్లో సినిమా పాట అడిగితే దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి తన దారికి తెచ్చుకునేది. పెళ్ళివారు తెల్లమొహాలు వేసేవారు.

ఇన్నాళ్ళకి అచ్చంగా ఆవిడ కట్టిన సంగీతమే వినిపించే కచేరీ ఒకటి బాపట్లలో కుదిరింది. శనివారం సాయంత్రం. అందులో 'కొల్లూరు రేవు' అనే పాటకి పన్నెండేళ్ళు పట్టింది. దాసు బేస్ ఒక్కటే, బాగా కింది స్వరాల్లో, దాన్ని మొదలుపెట్టాలి.

సోమవారం రిహార్సల్లో ఫ్లోరెన్స్ చేతులు ఆపేసింది.

"శ్రుతి దిగిందిరా దాసూ."

దాసు తీగ బిగించాడు.

"ఇంకా దిగే ఉంది."

మళ్ళీ బిగించాడు. ఏసుబాబు మొహం చిట్లించి కర్రలు కింద పెట్టాడు.

"ఎనిమిది నెలల్నించీ ఇదే వరస! అసలు చెవులున్నాయా నీకు? తీగ బిగించడం చేతకాకపోతే ఇంటికి పో," అని ఇంతెత్తున లేచింది ఫ్లోరెన్స్.

దాసు గిటారు సంచిలో పెట్టుకుని రేపల్లె రైలెక్కాడు.

మర్నాడు ఫ్లోరెన్స్, బేస్ లేకుండా గడుస్తుందేమోనని, ఇన్నాళ్ళూ దాసుకే వదిలేసిన ఆ కింది స్వరాలు తనే కీబోర్డు మీద ఎడమ చేత్తో వాయించి చూసుకుంది. అవీ దిగే ఉన్నాయి. కీబోర్డు ఆపి మళ్ళీ వేసింది. అప్పుడూ అంతే. కరెంటుతో నడిచే కీబోర్డుకి తీగలుండవు, బిగించే మరలుండవు. కిందపడితే పగులుతుందేమో గానీ శ్రుతి తప్పదు. చర్చికి పరుగెత్తి అక్కడి కీబోర్డు మీద చూసింది. అక్కడా అంతే.

బుధవారం గుంటూరులో డాక్టరు మెల్లగా చెప్పాడు. "చెవి లోపలి నరం దెబ్బతిందండి. ముందు కింది శబ్దాలు తేడాగా వినపడతాయి, తర్వాత మిగతావి కూడా. మందుల్తో తిరిగొచ్చేది కాదండి."

గురువారం పొద్దున్నే రేపల్లె వెళ్ళింది. దాసు వాకిట్లో కూర్చుని టీ తాగుతున్నాడు.

"నీ శ్రుతి బాగానే ఉందిరా. పోయింది నా చెవి."

"తెలుసక్కా."

"ఎప్పట్నించి?"

"పోయిన క్రిస్మస్ నించి. నీకు ఎలా బిగిస్తే బాగుంటదో అలా బిగిస్తా వచ్చాను. తెలిస్తే పియానో మూసేస్తావని భయమేసింది."

"మరి వినేవాళ్ళేమన్నారు?"

"దాసుకి శ్రుతి తెలీట్లేదన్నారు. ఆ మాట మా చర్చిదాకా పోయింది, అక్కడ నాచేత వాయించడం మానిపించారు. పోనీలే అక్కా."

ఎవరికీ తలవంచని ఫ్లోరెన్స్ అతని ముందు నేలమీద కూలబడి ఏడ్చింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"శనివారం రారా," అంది చివరికి.

"వస్తాను. కానీ ఈసారి సరిగ్గా బిగిస్తాను. నీకు దరిద్రంగా వినపడుద్ది. నా వైపు చూడకూడదు, చెయ్యి ఆపకూడదు. సరేనా?"

ఫ్లోరెన్స్ తలూపింది.

శనివారం హాలు నిండింది. దాసు మొదలుపెట్టాడు. ఫ్లోరెన్స్ చెవిలో పన్నెండేళ్ళ పాట మొదటి స్వరం దగ్గరే కుళ్ళిపోయింది. కుడిచేతి స్వరాలు తేటగానే ఉన్నాయి. వాటి కింద బేస్ మాత్రం బురదలో దిగబడ్డట్టు పోతోంది. ఆపండి అని అరవాలనిపించింది. పెదవి కొరుక్కుని, ఏసుబాబు కర్రల వంకే చూస్తూ, లెక్కపెట్టుకుంటూ వాయించింది. వేళ్ళకి దారి తెలుసు కాబట్టి సరిపోయింది. దాసు వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

పాట అయిపోయింది. జనం లేచి నిలబడ్డారు. ముందు వరుసలో ఒకావిడ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఏసుబాబు చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. చప్పట్లు ఆగడం లేదు.

ఫ్లోరెన్స్ దాసు చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"నేను వినలేదురా," అంది. "ఎలా ఉందో చెప్పు."