పాల పళ్ళేల్లో కిటికీలు

దగ్గరికి జరగండమ్మా, ఆ తలుపు మూసేసి రండి. చెవులు నాకివ్వండి. ఇది నేను నా కళ్ళతో చూసింది.

మా స్ఫాక్స్ ఊరి ఆసుపత్రి పరిశోధన గదిలో నలభై ఏళ్ళు గాజు పళ్ళేలు కడిగాను, వాటిలో పాలు కలిపిన, సముద్రపు నాచుతో కాచిన గంజి పోశాను. అది గడ్డకడితే తెల్లగా ఉంటుంది. దాని మీద గొంతునొప్పి క్రిమిని చుక్కగా పెడతారు. ఆ క్రిమి దగ్గర కత్తెర లాంటి రసం ఉంటుంది. అది పాలలోని మాంసకృత్తుల్ని ముక్కలు చేస్తే, చుక్క చుట్టూ తెలుపు కరిగి గుండ్రటి కిటికీ తెరుచుకుంటుంది. అదే కత్తెరతో అది మన ఒంట్లో రోగాలతో పోరాడే కాపలావాళ్ళని కూడా నరుకుతుందని, అక్కడ పరిశోధన చేసే రుమైసా అనే అమ్మాయి నమ్మకం. గురువారం మధ్యాహ్నంలోగా ఆ కిటికీ చూపించకపోతే ఆ అమ్మాయి బల్ల ఇంకొకరికి పోతుంది. చదువు అక్కడితో ఆగిపోతుంది.

మంగళవారం మూడోసారి, క్రిములు పెంచే వెచ్చటి పెట్టెలోంచి పళ్ళెం తీసింది. తెల్లగా, నున్నగా, సున్నం కొట్టిన గోడలా ఉంది!

ఆ గదికి పెద్దాయన సీ ఫర్జానీ, అంటే ఫర్జానీ గారు, తొంగిచూసి నవ్వారు. "ఏమ్మా, నీ క్రిములు కూడా రంజాన్ ఉపవాసమా?"

రుమైసా ఏడవలేదు కానీ, ఇంటికీ కదలలేదు. పక్కగదిలో దానితో పాటే కూర్చున్నాను. సాయంత్రం ఉపవాసం విడిచే అజాన్ వినబడగానే ఖర్జూరాలు చేతిలో పెట్టి, పళ్ళేలకి వాడే నీలం డబ్బాలోంచి పాలపొడి కలిపి గ్లాసు అందించాను.

ఒక గుక్క తాగి మొహం ముడిచింది. నన్ను పిన్నీ అన్నట్టు ఖాల్తీ అని పిలుస్తుంది. "ఖాల్తీ, ఇంత చక్కెరేంటి? షర్బత్ అనుకున్నావా?"

"నేను చిటికెడు కూడా వేయలేదే పిల్లా!"

ఇద్దరం డబ్బా వైపు చూశాం. 'చక్కెర కలిపినది' అని రుమైసా పైకి చదివింది. పాత పొడి అయిపోతే నేనే బజారు నుంచి తెచ్చాను. అదే నీలం రంగు, అదే ఆవు బొమ్మ. అక్షరాలు నాకు రావు. మామూలు రోజుల్లో చిటికెడు నోట్లో వేసుకుని చూసేదాన్ని. ఉపవాసం కదా, వేసుకోలేదు.

"నన్ను తిట్టవే," అన్నాను. "మూడుసార్లూ ఆ పొడితోనే పోశాను."

తిట్టలేదు. దిగ్గున లేచి నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "ఖాల్తీ! నోటికి తీపి అందుతుంటే ఆ క్రిమి కష్టపడి కత్తెర ఎందుకు తీస్తుంది? తీపి లేకపోతే తీస్తుందేమో! చూద్దాం!"

"అయితే రేపు పొద్దున్నే పోద్దాం. పొడి మాత్రం నువ్వే చదివి తే."

బుధవారం పొద్దున్నే రెండు రకాల పళ్ళేలు పోశాం. ఒకటి తీపిది, ఒకటి చప్పటిది. గరిటె రుమైసానే పట్టుకుంది, గడ్డకట్టాక క్రిమి చుక్కలూ తనే పెట్టింది.

గురువారం పదకొండింటికి వెచ్చటి పెట్టె తలుపు తీసింది. తీపి పళ్ళెం గోడలాగే ఉంది. చప్పటి పళ్ళెం మీద, ఒక్కటి కాదమ్మా, పదకొండు కిటికీలు! వెలుతురుకి పట్టుకుంటే అవతలున్న రుమైసా వేళ్ళు కనిపించాయి. నేను అక్కడే సంతోషంతో నాలుక ఆడిస్తూ జగరూత కేక పెట్టాను. ఆ కేకకి నడవాలో వాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు.

సీ ఫర్జానీ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "ఇలా రెండు రకాలు పోయాలన్న ఆలోచన ఎవరిది?"

"చక్కెర డబ్బా తెచ్చింది ఖాల్తీ ముబారకా. మిగతాది ఆ చక్కెరే చెప్పింది," అంది రుమైసా.

"అయితే కూర్చుని రాయి. ఈ బల్ల నీదే. నువ్వు రాయడం ఆపేదాకా ఎవరూ ఇటు రారు," అన్నారాయన.

ఇప్పుడు మీ వంతు. రేపు మీ పిల్లలకి ఇది చెప్పండి, కిటికీలు పదకొండేనని సరిగ్గా చెప్పండి. అలాగని గొంతు నొప్పికి చక్కెర మింగమనకండి, డాక్టరు దగ్గరికే పంపండి. నా పేరు మరిచిపోయినా సరే, రుమైసా పేరు మాత్రం వదిలేయకండి.