అమ్మ ఏడుపు, అన్న పాట

ఆళ్లగడ్డలో పగలంతా ఉలి దెబ్బలే. అందుకే మా జకరయ్య అన్న పాట చాలాకాలం ఎవరికీ వినపడలేదు.

అన్న నంద్యాలలో కాలేజీకి పోయేటప్పుడు, రైల్వే క్వార్టర్స్‌లోని స్నేహితుడి ఇంట్లో ఒక క్యాసెట్ విన్నాడు. రంపంతో కోసినట్టు గిటారు, గొంతు చించుకునే అరుపు. దాన్ని మెటల్ అంటారట. అది విన్నాక అన్నకు చదువు మీద మనసు లేకుండా పోయింది. ఆ స్నేహితుడి పాత కరెంటు గిటారు అడిగి తెచ్చుకున్నాడు. పెళ్లి మేళంలో డ్రమ్ము కొట్టే బుడేన్, శిల్పాలు చెక్కే గురుస్వామి అతనితో కలిశారు.

గురుస్వామి వాళ్ల మామ కొట్టంలో, సగం చెక్కిన విగ్రహాల మధ్య వాయించేవారు. బయట ఉలులు ఆగితే వాళ్లూ ఆగేవారు. నేను అన్నం క్యారియర్ గడప దగ్గర పెట్టి, ఒక విగ్రహం వెనక నిలబడి వినేదాన్ని. తర్వాత తర్వాత పిల్లకాయలు కొట్టం కిటికీలకు వేలాడసాగారు. సంజామల నుంచి కూడా బస్సెక్కి వచ్చారు. అన్నకు ఆశ పుట్టింది. ఒక్కసారైనా దాక్కోకుండా, జనం ముందర పాడాలి.

నంద్యాలలో ఒక చర్చి ఆవరణలో క్రిస్మస్ పాటలకు పిలుపు వచ్చింది. వాయిద్యం కుదిరింది కానీ మాటలు కుదరలేదు.

మా అమ్మ జీవమ్మ. ఊళ్లో ఎవరు పోయినా శోకం ఎత్తుకోవాల్సింది ఆమే. ఎవరి చావుకు పోయినా చివరికి చంటిబిడ్డగా ఉండగా పోయిన మా తమ్ముణ్ణి తలచుకునేది. ‘పాలు చేపుకొచ్చె కొడకా, తాగే నోరు యాడరా’ అని ఆమె అనగానే ఆడవాళ్లంతా గొల్లుమనేవారు.

“అమ్మ ఏడిస్తే ఊరంతా ఏడుస్తాది. ఆ మాటే మైకులో పాడితే నంద్యాల ఏడవదా?” అన్నాడు అన్న.

“పండగ పూట చావు పాట ఏందప్పా?” అన్నాడు బుడేన్. “అమ్మకు చెప్పినావా?”

“ఆడనే వింటాదిలే.”

ఆ రోజు అమ్మ కొత్త చీర కట్టుకుంది. బస్సులో పక్కనామెతో, “మా పెద్దోడు మైకులో పాడతాండాడు” అని అడగకుండానే చెప్పింది. చర్చి ఆవరణలో ఆడవాళ్ల వైపు ముందు వరుసలో కూర్చున్నాం.

గిటారు గర్జించింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. అన్న కళ్లు మూసుకుని, “పాలు చేపుకొచ్చె కొడకా!” అని అరిచాడు.

మగపిల్లల వైపు నుంచి ఒక గొంతు లేచింది.

“ఏమప్పా, నీకు పాలొస్తాండాయా?”

“చొక్కా తడిసిందేమో చూడండ్రా!”

ఆవరణంతా నవ్వు. అన్న ఆగలేదు. జనం వినలేదేమో అనుకున్నట్టు అదే మాట ఇంకా గట్టిగా అరిచాడు. నవ్వూ పెరిగింది. నా పక్కన అమ్మ పైట లాగి రొమ్ము మీద కప్పుకుంది. మళ్లీ లాగింది. కప్పుకోవడానికి ఇంక చీర లేదు. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

తిరుగు బస్సు దిగేటప్పుడు అమ్మ అంది: “అది నా కొడుకుకు చెప్పుకున్న మాట రా.”

“నేనూ నీ కొడుకునే గదమ్మా.”

అమ్మ ముందుకు నడిచింది.

బుడేన్ మళ్లీ పెళ్లి మేళానికి పోయాడు. “బొమ్మలన్నా నయం, నవ్వవు” అని గురుస్వామి ఉలి పట్టుకున్నాడు. అన్న మాత్రం వేరే మాటలు రాస్తానంటూ ఒక్కడే కొట్టంలో కూర్చునేవాడు.

ఎండాకాలంలో హన్నమ్మ పెద్దమ్మ పోయింది. అమ్మకు చిన్ననాటి స్నేహితురాలు. ఆడవాళ్లు శవం చుట్టూ చేరి అమ్మ వైపు చూశారు.

“ఎత్తుకో జీవమ్మా” అంది ఒకామె.

అమ్మ నోరు తెరిచింది. ఆమె చెయ్యి పైట మీదికి పోయింది. కొంగు నోట్లో కుక్కుకుని తల దించుకుంది.

అన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. చూశాడు. గోడకు ముఖం పెట్టుకున్నాడు. ఆ వారంలోనే గిటారు నంద్యాలకు తిరిగి పోయింది.

ఆ రోజు శవం దగ్గర ఆడవాళ్లు ఇంకా ఎదురుచూస్తున్నారు. అమ్మ మాటలు నాకన్నీ వచ్చు. ఎత్తుకుందామని ఊపిరి పీల్చాను. అంతలో చర్చి ఆవరణలోని ఆ నవ్వు నా చెవుల్లో వినపడింది. నా చెయ్యి కూడా ఓణీ మీదికి పోయింది.