కుడితి లేని వీధి

గొడవ నిమ్మతొక్క దగ్గర మొదలైంది.

శనివారం పొద్దున్నే సంపూర్ణమ్మ మజ్జిగలోకి నిమ్మకాయ పిండుకుని, తొక్కను వెనక వసారాలో ఉన్న ఆకుపచ్చ ఎరువు డ్రమ్ములో పడేసింది. కోడలు తబిత అప్పుడే మొక్కలకు నీళ్ళు పోసి వస్తోంది. మూత తీసి, రెండు వేళ్ళతో ఆ తొక్కను బయటికి లాగింది.

"అత్తయ్యగారూ, నిమ్మతొక్క ఇందులో వెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పానండీ?"

"చెప్పావమ్మా. చెప్పిన ప్రతిసారీ విన్నాను కూడా. చెయ్యే వినలేదు."

"పులుపుకి వానపాములు చచ్చిపోతాయండి."

"నా పులుపుకి మీ మావయ్యగారు నలభై ఏళ్ళు బతికారు. నీ వానపాములకేం వచ్చింది?"

వంటింటి గుమ్మంలో ఫోన్ చూసుకుంటున్న రూబీ కిసుక్కున నవ్వింది. తబిత తలతిప్పి కూతురి వైపు చూసింది. ఆ చూపుకు నవ్వు అక్కడే ఆగిపోయింది. తొక్క వంటింట్లోని మూడో బకెట్‌లోకి వెళ్ళింది. సంపూర్ణమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని, "ఇంట్లో ఏది ఎక్కడ పారెయ్యాలో తెలీని మనుషులమైపోయాం" అని గోడతో చెప్పినట్టు చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

తబిత ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. భీమవరంలో బోటనీ చదువుకునేటప్పుడు రికార్డు పుస్తకంలో ఆకు ఈనె ఒక్కటి వంకరపోతే పేజీ మొత్తం మళ్ళీ గీసేది. పాలకొల్లులో కాపురానికి వచ్చి పంతొమ్మిదేళ్ళయినా ఆ గుణం పోలేదు. పోయిన ఏడాది వేసవిలో ఇంటి చెత్త సంగతి పట్టించుకుంది. వంటింట్లో మూడు బకెట్లు, వసారాలో చిల్లులు పొడిచిన డ్రమ్ము, దాబా మీద ఆ డ్రమ్ము ఎరువుతో ఆనప, బీర, బచ్చలి. ఇప్పుడైతే పాల ప్యాకెట్ల కవర్లను కూడా కడిగి, తీగకు క్లిప్పులు పెట్టి ఆరేసి, నెలకోసారి ప్లాస్టిక్ కొనేవాడికి ఇచ్చేస్తుంది. రెండు నెలల్లో వాళ్ళింటి ముందుకు మునిసిపాలిటీ బండి వచ్చినా వేసేందుకు పెద్దగా ఏమీ ఉండేది కాదు.

ఒక శుక్రవారం చర్చిలో స్త్రీల సమాజం కూటానికి వెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పమన్నారు. చెప్పింది. "మన వంటింటి చెత్త చివరికి ఏమవుతుందో మీరెప్పుడైనా ఆలోచించారా?" అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. ఆగస్టు వచ్చేసరికి వాళ్ళ వీధిలో వాళ్ళింటితో కలిపి పద్నాలుగు ఇళ్ళలో డ్రమ్ములు వెలిశాయి. ఈ ఏడాది పోస్టాఫీసు వీధి వంతు. రేపు ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడి ఎనిమిది ఇళ్ళకు తబిత చేతుల మీదుగా డ్రమ్ములు ఇవ్వాలని సమాజం కార్యదర్శి సారిక ఏర్పాటు చేసింది.

కొత్త డ్రమ్ము అడుగున పేడనీళ్ళు పోస్తే గానీ చెత్త కుళ్ళి వాసన కొట్టకుండా మట్టిగా మారదు. పైగా ముసురు రోజులు. పేడ కోసం తబితకు గుర్తొచ్చిన మనిషి మంగాయమ్మ.

మంగాయమ్మది కాలువ అవతల ఇల్లు. పదేళ్ళపాటు రోజూ పొద్దున్నే పాలకేను తెచ్చి పాలు పోసేది. సాయంత్రం అల్యూమినియం బకెట్ పట్టుకుని వీధంతా తిరిగి కుడితి పోగుచేసుకునేది. ప్రతి ఇంటి పెరటి గుమ్మం పక్కన ఒక పాత బకెట్ ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూర తొక్కలు, మిగిలిన అన్నం అన్నీ అందులోకే. సాయంత్రానికి అదంతా మంగాయమ్మ గేదె పొట్టలోకి.

డ్రమ్ము పెట్టిన రోజున తబిత ఆమెను గేటు దగ్గరే ఆపి, "రేపట్నుంచి మా ఇంట్లో కుడితి ఉండదు మంగాయమ్మా, ఎరువు చేసుకుంటున్నాం" అని చెప్పింది. ఊరికే పంపడం ఇష్టంలేక లోపలికి వెళ్ళి ఒక మంచి నూలు చీర తెచ్చి ఇచ్చింది. మంగాయమ్మ రెండు చేతులా అందుకుని, "అలాగేనండి, మీ ఇష్టమండి" అంది. ఆ తర్వాత దీపావళి ముందు ఒకరోజు పాలు పోస్తూ, "గేదె వట్టిపోయిందండి, ఈనాక మళ్ళీ పోస్తాను" అని చెప్పి వెళ్ళింది. ఆ మర్నాటి నుంచే ప్యాకెట్ పాలు. గేదె ఎప్పుడు ఈనుతుందో తబిత మళ్ళీ అడగలేదు.

తబిత స్కూటీ మీద కాళ్ళ దగ్గర బేసిను పెట్టుకుని కాలువ వంతెన దాటింది. ఒకప్పుడు గట్టు దిగితే వరిచేలు. ఇప్పుడన్నీ చేపల చెరువులు. ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు మంగాయమ్మ ఇంటి దాకా వినబడుతూనే ఉంది.

మంగాయమ్మ గుమ్మంలో కూర్చుని వేడినీళ్ళ గిన్నెలో చేతులు ముంచుకుని ఉంది. తబితను చూసి గబగబా లేచింది.

"అయ్యో, అమ్మగారా! ఎన్నాళ్ళకండీ! కూర్చోండి... ఉండండి, కుర్చీ తడిగా ఉంది, తుడుస్తాను."

"కూర్చోనులే మంగాయమ్మా. ఆ చేతులేంటి అలా వాచిపోయాయి?"

"రొయ్యల షెడ్డుకి వెళ్తున్నానండి. తలలు తియ్యాలి. రోజంతా ఐసులోనే కదండీ చేతులు. అందుకే రెండ్రోజులు మానేశాను. పనేంటో చెప్పండి."

"కాస్త పేడ కావాలి. ఒక్క బేసిను చాలు."

మంగాయమ్మ నవ్వింది. "పేడకా! ఎంత పని చేశారండీ, ఎవరితోనైనా కబురు పెడితే రేపు తెచ్చిద్దును. పొద్దుటిది పిడకలు కొట్టేశాను. ఇదిగో, ఈ గేదెపడ్డ ఒక్కటే కదండీ. ఇదెంత వేస్తుంది?"

పాకలో కట్టుకొయ్య దగ్గర ఇంకా ఈనని నల్లటి పడ్డ ఒకటి నిలబడి తబిత వైపే చూస్తోంది. పక్కన రెండో కట్టుకొయ్య ఖాళీగా ఉంది.

"గేదె ఏది?"

"అమ్మేశానండి."

"ఎప్పుడు?"

"దీపావళికి ముందండి."

తబిత బేసినును నేల మీద పెట్టింది. "వట్టిపోయిందన్నావు కదా?"

"అన్నానండి." మంగాయమ్మ చేతులు కొంగుతో తుడుచుకుంది. "అమ్మేశానంటే ఎందుకు అమ్మేశావని అడుగుతారు కదండీ. అప్పుడు నేనేం చెప్పను?"

తబిత ఖాళీ కట్టుకొయ్య వైపు చూసింది. మంగాయమ్మే మాటలు కలిపింది.

"గడ్డేదండీ ఇప్పుడు? చేలన్నీ చెరువులైపోయాయి. ఉన్న నాలుగు చేలూ మిషన్ కోతలే, గడ్డి ముక్కలు ముక్కలుగా పొలంలోనే పోతోంది. తవుడంతా చేపలకే. నా గేదె మీ వీధి కుడితి మీదే బతికిందండి. ఒక్కో ఇల్లూ మానేస్తూ వచ్చింది. ఒకావిడైతే పాపం మొహమాటపడి నాలుగు రోజులు తొక్కలు దాచి ఇచ్చింది. ఆవిణ్ణి నేనే వద్దన్నాను, మీ డ్రమ్ములో వేసుకోండమ్మా అని. గేదె చిక్కిపోయి ఎముకలు తేలిందండి. చూడలేక ఇచ్చేశాను. కొన్నవాడు పాడికి కొన్నాడో దేనికి కొన్నాడో, నేనడగలేదు."

"నాతో ఒక్క మాట అనాల్సింది మంగాయమ్మా."

"మీ ఇంట్లో చెత్త మీ ఇష్టమండి. నాదని ఎలా అంటాను?" అని, మాట మార్చడానికన్నట్టు పడ్డ వీపు నిమిరింది. "ఇది దాని పిల్లేనండి. చూడి కట్టింది. ఆరో నెల. పోస్టాఫీసు వీధి వాళ్ళు చల్లగా ఉండాలి. ఆ ఎనిమిదిళ్ళ కుడితితో దీన్ని నిలబెట్టుకుంటున్నాను. ఈనిందంటే షెడ్డు మానేస్తాను. మళ్ళీ మీకే ముందు పాలు పోస్తాను. దాబా మీద మొక్కలు బాగున్నాయాండి?"

"బాగున్నాయి" అంది తబిత.

రేపు ఆ ఎనిమిది ఇళ్ళకూ డ్రమ్ములు వెళ్తున్నాయన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఖాళీ బేసినుతో వెనక్కి తిరిగింది.

వంతెన మీద స్కూటీ ఆపేసింది. తను స్త్రీల సమాజంలో అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. వంటింటి చెత్త చివరికి ఏమవుతుందో అక్కడ కూర్చున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. రోజూ సాయంత్రం గేటు దగ్గర తమ చేత్తోనే పోశారు. తొక్క గేదెకు, పాలు ఇంటికి, పేడ పొయ్యిలోకీ పొలానికీ. కడుగు నీళ్ళు కూడా వృథా పోయేవి కావు. ఇప్పుడవి తూములోకి పోతున్నాయి. డ్రమ్ము రాకముందు వాళ్ళింట్లోకి పాల కవరు ఒక్కటి కూడా వచ్చేది కాదు. వచ్చాక, అవి కడిగి ఆరేసి, అదీ ఒక మంచి పనేనని మురిసింది. రికార్డు పుస్తకంలో ఈనె వంకర చూసిన కళ్ళకు, పదేళ్ళు గేటు దగ్గర నిలబడ్డ మనిషి చేతిలో బకెట్ ఎందుకుందో కనబడలేదు. వీధిలో మిగతా పదమూడు ఇళ్ళవాళ్ళకు కనబడే ఉంటుంది. తనకు ఎదురు చెప్పడం ఎందుకని ఊరుకున్నారు.

ఇంటికి వచ్చేసరికి భోజనాల వేళయింది. రెండో శనివారం కాబట్టి బడి లేక, టీచరైన భర్త శ్యాంబాబు ఇంట్లోనే ఉన్నాడు. వంకాయ, ఎండు రొయ్యల కూర, చారు. నలుగురూ కూర్చున్నారు. శ్యాంబాబు కళ్ళు మూసుకుని క్లుప్తంగా ప్రార్థన చేశాడు.

"ఇందాక సారిక గారు ఫోన్ చేశారు" అన్నాడు అన్నం కలుపుకుంటూ. "బ్యానర్ కట్టేశారట. పాస్టరు గారు డ్రమ్ముల దగ్గర ప్రార్థన చేస్తారట. నువ్వు ఐదు నిమిషాలు మాట్లాడాలంట. పేడ దొరికిందా?"

"లేదండి." తబిత కంచంలో చెయ్యి పెట్టలేదు. "మంగాయమ్మ గేదెని అమ్మేసుకుంది. మన కుడితి ఆగిపోయి, తిండి లేక."

విన్నదంతా చెప్పింది. వాచిన చేతుల సంగతీ, చూడి పడ్డ సంగతీ, పోస్టాఫీసు వీధి సంగతీ. చెప్పేటప్పుడు ఎక్కడా తన తప్పును తగ్గించుకోలేదు, పెంచుకోనూ లేదు.

"అయ్యో పాపం" అన్నాడు శ్యాంబాబు. కాసేపు ఆలోచించి, "దానికేముంది, ఆ పడ్డకి దాణా మనం కొనిద్దాం. రేపటి కార్యక్రమం ఎందుకు చెడగొట్టడం?"

"పోయినసారి చీర ఇచ్చానండి. ఇదీ అలాంటిదే అవుతుంది."

సంపూర్ణమ్మ కంచంలోంచి తల ఎత్తకుండా, "గేదె అమ్మిన సంగతి నాకు అప్పుడే తెలుసు" అంది.

తబిత ఆవిడ వైపు తిరిగింది. "మరి నాకు చెప్పలేదేం అత్తయ్యగారూ?"

"ఎలా చెప్పనమ్మా? నువ్వొకటి మొదలెట్టాక ఎదుటివాళ్ళ మాటల్లో నీకు తప్పులే వినబడతాయి. చెబితే, గేదె సంగతి వదిలేసి నాకు డ్రమ్ము గిట్టకే చెబుతున్నాననుకుంటావు." ఆ గొంతులో పొద్దుటి వెటకారం లేదు. "ఊరుకున్నాను. అది నా తప్పు."

కాదనడానికి ఒక్క సందర్భం దొరుకుతుందేమోనని తబిత మనసులో వెతికింది. దొరకలేదు.

"మళ్ళీ కొనుక్కోలేమా మమ్మీ ఆ గేదెని? వాడెవడో కనుక్కుంటే?" అని అడిగింది రూబీ.

"లేదమ్మా. అది ఎక్కడుందో మంగాయమ్మకే తెలీదు. ఉందో లేదో కూడా తెలీదు."

రూబీ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. బయట ముసురు కాస్త పెరిగింది.

"రేపు డ్రమ్ములు ఇవ్వట్లేదు" అంది తబిత. "ఆరాధన అయ్యాక నేనే లేచి చెప్తాను. పోస్టాఫీసు వీధి వాళ్ళు కుడితి మానొద్దని. అది అయ్యాక మన వీధిలో మిగతా పదమూడిళ్ళకీ వెళ్తాను. గేదె తినేదేదీ డ్రమ్ములో వెయ్యొద్దని, సాయంత్రం మంగాయమ్మకి పొయ్యమని అడుగుతాను. అడిగే ముందు, ఆమె గేదెని ఎందుకు అమ్ముకోవాల్సొచ్చిందో, ఎవరి వల్లో చెప్తాను."

శ్యాంబాబు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "పాస్టరు గారి ముందా? సంఘమంతా ఉంటుంది తబితా. కావాలంటే సారిక గారికి ఫోన్ చేసి, నెమ్మదిగా ఏదో ఒక కారణం చెప్పి వాయిదా వేయించుకో."

"మంగాయమ్మ అలాగే నాకు నెమ్మదిగా ఒక కారణం చెప్పిందండి" అంది తబిత. "నేను కారణం చెప్పను. జరిగింది చెప్తాను. అత్తయ్యగారూ, రేపు మీరు నా పక్కనే కూర్చోండి."