పావురం బండ్ల తాళం

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు, సోమవారం పొద్దున, జనం ఆఫీసులకు ఉరుకుతున్న వేళ, యేసుదానం కరెంటు ట్రాలీ బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. దాని వెనకే వస్తున్న అహల్య బ్రేకు తొక్కింది. తొక్కకపోయినా ఆగేదే. ఆమె బండి కూడా ఆ క్షణానే చచ్చిపోయింది. స్టీరింగు పక్కన తెర మీద రెండే ముక్కలు వెలిగాయి: సేవలు నిలిపివేయబడ్డాయి.

వెనక బస్సు హారన్లు, ఆటోవాళ్ల తిట్లు. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి యేసుదానం బండి తలుపు మీద లాఠీతో బాదాడు.

"తీయ్ బే బండి! నీ అయ్య జాగీరా రోడ్డు?"

"నడుస్తలేదు సార్. కంపెనీవాళ్లు బంద్ చేసిన్రు..."

మాట పూర్తికాకముందే చెంప మీద దెబ్బ పడింది. యేసుదానం అరవైకి దగ్గరపడ్డ మనిషి. మెదక్ నుంచి వచ్చి సగం జీవితం ఈ రోడ్ల మీదే బండి తోలాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే బయట చెప్పుల దగ్గరికి వినిపించే గొంతు ఆయనది. ఇప్పుడు ఆయన వంగి, కింద పడ్డ కళ్లద్దాలు తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి. ఎవరి చేయీ లేవలేదు.

అహల్య దిగి మధ్యలోకి వెళ్లింది.

"పెద్దమనిషిని కొడ్తవా? బండి ఆపింది ఆయననా? అగో, గా షోరూంల కూసున్నోళ్లను అడుగు పో!"

కానిస్టేబుల్ తలతిప్పి చూశాడు. ఎదురుగా అద్దాల షోరూం, దాని నెత్తిన రెక్కలు విప్పిన పావురం బొమ్మ. తలుపుకు తాళం.

"గవన్నీ నాకు చెప్పకు" అని అతను క్రేన్ కోసం ఫోన్ తీశాడు.

ఆ పొద్దు నగరంలో పావురం బండి ఎక్కడున్నది అక్కడే ఆగింది. అబిడ్స్, నాంపల్లి బండ్లను క్రేన్లు లాక్కొచ్చి స్టేషన్ వెనక ఖాళీ జాగాలో పడేశాయి. ఖైరతాబాద్ బండ్లను ఇంకో చోట పడేశారు. మధ్యాహ్నానికల్లా డ్రైవర్లు తమ తమ బండ్ల నీడలో గొంతుక్కూర్చున్నారు.

పావురం మోటార్స్ పుట్టింది ఆ జాగాకు నాలుగు గల్లీల అవతలే. దాన్ని పెట్టిన విజయేందర్‌ది అబిడ్స్‌లో మూడు తరాల కరెంటు సామాను దుకాణం. ఇంజనీరింగ్ చదివి వచ్చి, గల్లీ మెకానిక్ బాలకిషన్‌ను తోడు పెట్టుకుని, ఒక పాత ట్రాలీ ఆటో ఇంజన్ పీకేసి కరెంటు మోటారు బిగించాడు. పొగ లేదు, చప్పుడు లేదు. ఆ రేకుల షెడ్డులో ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నారు. "మనం చేసినం కిషన్ భాయ్" అన్నాడు విజయేందర్. అప్పటికి ఆ మాట నిజమే కావచ్చు.

తర్వాత పెట్టుబడి వచ్చింది. అది వచ్చాక "మనం" అన్న మాట పోయింది. ఊరి చివర ఫ్యాక్టరీ లేచింది. అబిడ్స్‌లో అద్దాల షోరూం వెలిసింది. పెద్దలు వచ్చి జెండా ఊపారు, పేపర్లు మొదటి పేజీలో ఫోటోలు వేశాయి. బాలకిషన్ మెడలో సూపర్‌వైజర్ కార్డు పడింది. లైన్‌లో ఆడవాళ్లకు బాత్రూంకు పోవడానికి కూడా టైము లెక్క కట్టారని అతను నోరెత్తిన ఏడాదే ఆ కార్డు ఊడిపోయింది. మళ్లీ గల్లీలో పంక్చర్లు వేసుకుంటూ కూర్చున్నాడు.

అహల్య ఆ రోజుల్లోనే బండి తీసుకుంది. అంతకుముందు అబిడ్స్‌లో చీరల దుకాణంలో పనిచేసేది. గిరాకీ ఉన్నా లేకున్నా అక్కడ నిలబడే ఉండాలి. కూర్చుంటే సేటు జీతం కోసేవాడు. సాయంత్రానికి కాళ్లు బోదకాళ్లలా వాచేవి. నెలనెలా కిస్తీ కడితే నాలుగేళ్లకు బండి నీదే అని కంపెనీవాళ్లు చెప్పినప్పుడు ఆమె సగమే నమ్మింది. కానీ సీటులో కూర్చుని మొదటి రోజు బండి తోలుతూ తనలో తాను నవ్వుకుంది. కూర్చుని చేసే పని! లోకంలో అలాంటి పని ఒకటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

తర్వాత ఒక పెద్ద పార్సిల్ కంపెనీ తానిచ్చిన ఆర్డరును వెనక్కి తీసుకుంది. డబ్బు పెట్టినవాళ్లు చేతులు దులుపుకున్నారు. ముందు ఫ్యాక్టరీ క్యాంటీన్ మూశారు, తర్వాత రెండో షిఫ్టు, ఆ తర్వాత గేటు. చివరికి బెంగళూరు నుంచి ఒక కంపెనీ వచ్చి అంతా కొన్నది. దానికి కావలసింది ఫ్యాక్టరీ కింది భూమి, బండిలోని సాఫ్ట్‌వేర్. బండ్లు అక్కర్లేదు. చేసినవాళ్లు అక్కర్లేదు. తోలేవాళ్లు అసలే అక్కర్లేదు. ఆ సోమవారం ఎవరో ఏసీ గదిలో ఒక మీట నొక్కారు.

మూడో రోజుకు కబురు తెలిసింది. వచ్చే సోమవారం లారీలు వస్తాయి, బండ్లన్నీ తుక్కుకు పోతాయి. చట్టప్రకారం కిస్తీ తీరేదాకా బండి కంపెనీదే.

ఆ సాయంత్రం జాగా అంతా జనం. డ్రైవర్లతో పాటు బాలకిషన్ వెంట ఫ్యాక్టరీ ఆడవాళ్లు కూడా వచ్చారు. వాళ్లను చూడగానే కార్తీక్ అనే కుర్ర డ్రైవర్ లేచాడు.

"మీరే గదా చేసింది గీ దరిద్రపు బండ్లు! ఇప్పుడు ఏం చూడనీకి వచ్చిన్రు? కాలబెడతం, జర దూరం ఉండుండ్రి."

"ఔ, మేమే చేసినం" అంది భాగ్య. వైరింగ్ లైన్‌లో చేసిన మనిషి, ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. "బండిల ఏం దరిద్రమున్నది చెప్పు. రెండేండ్లు నడిపినవు, ఎన్నడన్న దగా చేసిందా? ఆపినోడు ఎవడో తెలుసు గదా. ఆని మీదికి పోవు గని ఆడోళ్ల మీదికొస్తున్నవ్. మా పనులు పోయినయి. మేం చేసినయి కండ్ల ముందట కాలుతుంటే చూడాల్నా?"

"నీకు పనే పోయింది. నాకు పనీ పోయింది, బండీ పోయింది!"

అరుపులు పెరిగాయి. డ్రైవర్లు ఒక దిక్కు, ఫ్యాక్టరీవాళ్లు ఒక దిక్కు అయ్యారు. అప్పుడు యేసుదానం లేచాడు. దెబ్బ తిన్న నాటి నుంచి ఆయన ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు.

"కూసో కార్తీక్. కాలబెడితే ఎవనికి లాభం? లారీ కిరాయి మిగుల్తది, గంతే, వాళ్లకే. మనమూ మనమూ కొట్టుకున్నా వాళ్లకే లాభం. ఇన్నేండ్లు తలకాయ వంచుకొనే బండి తోలిన. వంచితే కొట్టరనుకున్న. వంచినా కొట్టిన్రు."

అహల్య భాగ్య వైపు తిరిగింది.

"అక్కా, ఆఫీసుల మీట నొక్కితే గీడ బండి ఆగుతది. గట్ల ఆపే డబ్బా బండిలనే ఉంటది గదా. బిగించింది ఎవరు?"

"మా లైన్‌లనే."

"బిగించినోళ్లకు తీయరాదా?"

భాగ్య తడబడింది. "వైర్లే నాకు తెలుసు. డబ్బా తీస్తే బ్యాటరీ కరెంటు ఇయ్యదు. ఆ పని వేరే టేబులు. యాక్సిలరేటర్ పని ఇంకో టేబులు. ఒక్కొక్కరికి ఒక్కటే నేర్పిన్రు. పక్కన ఏం చేస్తున్నరో తల తిప్పి చూడనియ్యలే."

"గందుకే నేర్పలే" అన్నాడు బాలకిషన్. "ఒక్కరికి మొత్తం తెల్వొద్దని. గని అందరిని ఒక్క కాడ నిలబెడితే మొత్తం తెలిసినట్టే గదా. ఇండ్లల్ల కూసున్నోళ్లందరిని పిలువుండ్రి. ఆదివారానికి."

శనివారం మధ్యాహ్నం విజయేందర్ అహల్యను దుకాణానికి పిలిపించాడు. వైర్ల చుట్టలు, స్విచ్చుల డబ్బాల మధ్య తాతల నాటి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. మనిషి నిజంగానే నలిగిపోయాడు.

"కూర్చోండి అహల్య గారూ. డ్రైవర్లు మీ మాట వింటారు. గొడవ వద్దని ఒక చిన్న వీడియో చెయ్యండి. కొత్త కంపెనీవాళ్లతో మాట్లాడాను. వాళ్ల ఆఫీసులో రిసెప్షన్ పని మీకు ఖాయం. నేనూ అంతా పోగొట్టుకున్నాను, మీకు తెలుసు కదా."

అద్దాల గది, ఫ్యాను కింద కుర్చీ ఆమె కళ్ల ముందు కనిపించాయి. ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఒక్క నిమిషం ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది.

"మీకు గీ దుకాణమున్నది సార్" అంది చివరికి. "మాకు గా బండ్లే ఉన్నయి."

"ఆ బండ్లు మీవి కావు. ముట్టుకుంటే దొంగతనం కేసవుతుంది. నా చేతుల్లో ఏమీ లేదిప్పుడు."

"మీ చేతుల ఉన్ననాడు గూడ మమ్మల్ని అడగలే గద సార్."

ఆమె నాంపల్లి దాకా నడిచే వెళ్లింది. గెలుస్తామన్న నమ్మకం ఆమెకు లేదు. ఒళ్లంతా బరువుగా ఉంది. ఇంటికి పోయి పడుకుని లేవకుండా ఉంటే బాగుండుననిపించింది. కానీ పడుకున్నా సోమవారం లారీలు వస్తాయి.

ఆదివారం పొద్దున బస్సులు దిగి ఫ్యాక్టరీవాళ్లు వచ్చారు. కొందరు పిల్లలను చంకనేసుకుని, కొందరు ఇంట్లో చెప్పకుండా. బాలకిషన్ పానాలు పరిచాడు. మొదటి బండి సీటు ఊడదీశారు. భాగ్య డబ్బా వైరు విప్పి, "గీడిదాకా నా పని" అని పక్కకు జరిగింది. ఆమె చోటులోకి ఇంకొకామె వచ్చి బ్యాటరీ మూత తీసింది.

"మంటలొస్తే?" అని అడిగింది అహల్య.

"వేడి చూసే సర్క్యూటు వేరే ఉన్నది. దాన్ని ముట్టం. బండిని ఆపే తాళం ఒక్కటే తీస్తం" అంది ఆమె.

ఆమె తర్వాత ఇంకొకరు. మరచిపోయిన దాన్ని ఒకరు గుర్తు చేస్తే, గుర్తున్న దాన్ని ఇంకొకరు సరిచేశారు. రెండుసార్లు తప్పు పోయింది, మళ్లీ మొదటికి వచ్చారు. కార్తీక్ మొదట దూరంగా బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. తర్వాత వచ్చి టార్చి పట్టుకున్నాడు. ఆ తర్వాత భాగ్య చేతుల మీద నుంచి కళ్లు తిప్పలేదు.

మధ్యాహ్నానికి మొదటి బండి సన్నగా మూలిగింది. యేసుదానం సీటులో కూర్చుని కాలు నొక్కాడు. బండి కదిలింది. ఎవరూ కేకలు వేయలేదు. అందరూ అంతగా అలసిపోయి ఉన్నారు. ఒకామె మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఒకదాని తర్వాత ఒకటి, బండ్లు లేచాయి. వేలాది బండ్లకు వైర్లు వేసిన భాగ్య ఏ ఒక్క బండిలోనూ ఎప్పుడూ ఎక్కలేదు. అహల్య ఆమెను తన పక్కన కూర్చోబెట్టుకుంది. అట్ట ముక్కల మీద బొగ్గుతో రాసి బండ్లకు కట్టారు: చేసినం, నడుపుతం, తుక్కుకియ్యం.

నాంపల్లి స్టేషన్ ముందు నుంచి బండ్ల వరుస అబిడ్స్‌కు మళ్లింది. ఆదివారం కనుక ఫుట్‌పాత్‌లన్నీ పాత పుస్తకాలు పరుచుకుని ఉన్నాయి. పుస్తకాలవాళ్లు కింద పరిచిన పట్టాలను వెనక్కి లాగి దారి ఇచ్చారు. కొనడానికి వచ్చిన విద్యార్థులు కొందరు పుస్తకాలు చంకలో పెట్టుకుని వెంట నడిచారు. "ఏమైందన్నా?" అని అడిగినవాడికల్లా కార్తీక్ కిటికీలోంచి తల పెట్టి చెప్పాడు. చెప్పి చెప్పి అతని గొంతు బొంగురుపోయింది.

షోరూం ముందు పోలీసులు అడ్డం నిలబడ్డారు. లాఠీలు లేచాయి. బండ్ల అద్దాలు పగిలాయి. యేసుదానం దిగి, చేతులు కట్టుకోకుండా, తల ఎత్తి నిలబడ్డాడు. ఆయన వెనక మిగతావాళ్లు. అందరినీ వ్యానెక్కించారు.

ఠాణాలో ఇన్‌స్పెక్టర్ బల్ల చరిచాడు. "తాళం తీసింది ఎవరు? ఒక్క పేరు చెప్పుండ్రి, మిగిలినోళ్లను వదిలేస్త."

"నేను వైరు తీసిన సార్. గంతే" అంది భాగ్య.

"నేను బ్యాటరీ మూత తీసిన" అంది ఇంకొకామె.

"నేను పానా అందిచ్చిన."

"నేను టార్చి పట్టిన సార్" అన్నాడు కార్తీక్.

ఇన్‌స్పెక్టర్ తనకు తోచిన పేర్లు రాసుకున్నాడు. యేసుదానం, బాలకిషన్, భాగ్య. దొంగతనం, ఆస్తి ధ్వంసం. మిగతావాళ్లను తిట్టి బయటికి నెట్టాడు.

సోమవారం నాంపల్లి కోర్టులో ముగ్గురికీ రిమాండ్ పడింది. జైలు వ్యాను ఎక్కుతూ భాగ్య వెనక్కి చూసింది. "నా పిల్లను మా అక్క ఇంట్ల దించుండ్రి" అంది. యేసుదానం సన్నగా పాట ఎత్తుకున్నాడు. వ్యాను కదిలి పోయినా ఆ గొంతు కాసేపు గేటు దగ్గర వినిపించింది.

అహల్య కోర్టు గోడ పక్కన నిలబడింది. కళ్లు మండుతున్నాయి. మిగిలిన బండ్ల కోసం స్టేషన్ వెనక జాగాకు లారీలు వచ్చే ఉంటాయి. పోలీసులు పట్టుకున్న బండ్లు ఏమవుతాయో ఎవరికీ తెలియదు. గెలిచారా, ఓడారా? ఓడారనే అనిపిస్తోంది.

ఫోన్ మోగింది. తెలియని గొంతు.

"అక్కా, ఖైరతాబాద్ కెల్లి మాట్లాడుతున్న. నేను గూడ పావురం బండి డ్రైవర్నే. మా కాడ గూడ బండ్లన్నీ పడున్నయి. మా కాడికి రేపు లారీలు వస్తయట. నిన్న మీరు నడిపింది ఫోన్ల చూసినం. గని తాళం తీసే ఆమెను జైలుకు తోలిన్రట గదా. ఎట్ల మరి?"

అహల్య చుట్టూ చూసింది. గోడ నీడలో ఫ్యాక్టరీ ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. బ్యాటరీ మూత తీసినామె ఉంది. యాక్సిలరేటర్ పని తెలిసినామె ఉంది. వైరు పని తెలిసిన మనిషి లేదు.

"వైర్లు ఎవరు చూస్తరు?" అని అడిగింది అహల్య వాళ్లను.

గేటుకు ఆనుకుని నిలబడ్డ కార్తీక్ బీడీ పారేశాడు.

"నాకొస్తది అక్కా" అన్నాడు. "నిన్న భాగ్యక్క చేస్తుంటే పొద్దంత చూసిన. నేను చేస్త."

అహల్య ఫోన్ మళ్లీ చెవికి పెట్టుకుంది.

"ఏడున్నరో జర సాఫ్‌గా చెప్పు తమ్మీ. మేం వస్తున్నం."